ఇంట్లో కిట్ విమానం కట్టడం: రాజాంలో షెడ్డు ఉంది, ఎక్కడ మొదలెట్టాలి?

రాజాం_రవి

అందరికీ నమస్కారం. మాది రాజాం. జూట్ మిల్లులకీ రైస్ మిల్లులకీ స్పేర్లు చేసే చిన్న వర్క్‌షాపు నాది. లేత్, ఆర్గన్ వెల్డింగ్, 3 హెచ్‌పీ కంప్రెసర్ ఉన్నాయి. వెనకాల నాన్నగారి నాటి ధాన్యం గోడౌన్ ఖాళీగా పడి ఉంది. 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు, పైన రేకులు.

చిన్నప్పట్నుంచీ విమానాలంటే ప్రాణం. పిల్లల చదువులు ఒక దారిన పడ్డాయి. ఇప్పుడు రెండు సీట్ల కిట్ విమానం ఒకటి తెప్పించి సొంత చేతుల్తో కట్టుకోవాలని ఉంది. చూసినవాటిలో రెండు నచ్చాయి: అమెరికా వ్యాన్స్ వాళ్ల ఆర్‌వీ-12, జెనిత్ వాళ్ల సీహెచ్ 750. రెండూ అల్యూమినియం రేకుతో చేసేవే.

నాకు తెలియాల్సినవి ఇవి. మన దగ్గర ఇది అయ్యే పనేనా? రెండింట్లో ఏది మేలు? బోల్టులు, బ్రాకెట్లు నా లేత్ మీద నేనే చేసుకుంటే ఖర్చు తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

బొబ్బిలి_డాలస్

రవి అన్నయ్యా, మాది బొబ్బిలి, మీకు పక్కూరే. ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాను. మా గ్యారేజీలో వ్యాన్స్ వాళ్లదే ఆర్‌వీ-14 కట్టడం నడుస్తోంది, తోక అయింది, రెక్కల మీద ఉన్నాను. మీ గోడౌన్ కొలతలు చూసి చాలా సంతోషం వేసింది. ఇక్కడ చాలామంది రెండు కార్లు పట్టే గ్యారేజీలోనే మొత్తం విమానం కట్టేస్తారు. ఆర్‌వీ-12 రెక్కలు పిన్నులు లాగితే ఊడి వచ్చేస్తాయి కాబట్టి చోటు సమస్య మీకు లేనే లేదు.

కిట్ అంటే ఏం వస్తుందో ముందు చెప్తాను. చెక్క పెట్టెల్లో కోసి, వంచి, రంధ్రాలు పొడిచిన రేకులు వస్తాయి. కంప్యూటర్ మెషీన్ మీద పొడిచిన రంధ్రాలు కాబట్టి ఒక రేకు మీద ఇంకో రేకు పెడితే రంధ్రానికి రంధ్రం కలుస్తుంది. పాతకాలంలో కట్టినవాళ్లకి భాగాల్ని కదలకుండా పట్టే పెద్ద పెద్ద చట్రాలు, అంటే జిగ్‌లు కావాల్సొచ్చేవి. ఇప్పుడు చదునైన బల్ల ఒకటి ఉంటే చాలు. క్లీకోలని చిన్న స్ప్రింగు పిన్నులు ఉంటాయి. వాటితో రేకుల్ని తాత్కాలికంగా పట్టించి, అంతా సరిగ్గా కూర్చుందని చూసుకున్నాక ఒక్కో పిన్నూ తీసి రివెట్ వేస్తాం. వెండి రంగుది 3/32 అంగుళం రంధ్రానికి, రాగి రంగుది 1/8కి.

డబ్బు సంగతి. అంతా ఒకేసారి కొనక్కర్లేదు. తోక, రెక్కలు, బాడీ, చివర్లో ఇంజన్, పరికరాలు, ఇలా విడివిడిగా అమ్ముతారు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: రేకుల కిట్ ధర చూసి లెక్క వేసుకోకూడదు. ఇంజను, ప్రొపెల్లరు, డ్యాష్‌బోర్డు పరికరాలు కలిసేసరికి అసలు ఖర్చు అక్కడే ఉంటుంది. లండన్‌లో ఉండే మలయాళీ ఇంజనీరొకాయన లాక్‌డౌన్‌లో నాలుగు సీట్ల స్లింగ్ టీఎస్ఐ కట్టి 2022లో కుటుంబంతో యూరప్ తిరిగాడు, పేపర్లలో చదివే ఉంటారు. దానికి లక్షా నలభై వేల పౌండ్లు అయిందని రాశారు.

మీ రెండింట్లో ఏది అంటే, రెండూ ఎక్కువగా పాప్ రివెట్ల మీద, అంటే ఒకే వైపు నుంచి లాగి బిగించే రివెట్ల మీద నడిచేవే, ఒక్కరే కూర్చుని చేసుకోవచ్చు. నాలాగా ఆర్‌వీ-14 పెట్టుకుంటే గట్టి రివెట్లు, గన్ను కొట్టేవాడు ఒకడు, వెనక దిమ్మ పట్టేవాడు ఒకడు కావాలి.

కంటోన్మెంట్_ఎయిర్‌ఫ్రేమ్

రవి బాబూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. విజయనగరం కంటోన్మెంట్‌లో ఉంటాను. మీ కోరిక మంచిది. మీ చేతిలో పని ఉందని మాటల్లోనే తెలుస్తోంది. అందుకే మూడో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను: బోల్టులు లేత్ మీద చెయ్యొద్దు. మార్కెట్లో కొన్నవీ వెయ్యొద్దు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

పని గురించి రాస్తే చాలా ఉంది. ఒక్క రివెట్ గురించి చెప్తాను, మిగతాది మీకే అర్థమవుతుంది.

1/8 అంగుళం గట్టి రివెట్ తీసుకోండి. కాడ 3.2 మిల్లీమీటర్లు. రెండు రేకుల మందం కొలిచి, కాడ మందానికి ఒకటిన్నర రెట్లు బయటికి ఉండేలా పొడవు ఎంచుకోవాలి. గన్ను కొట్టాక వెనకవైపు ఏర్పడే తల వెడల్పు కాడకి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. అంటే సుమారు 4.8 మి.మీ. వెడల్పు, 1.6 మి.మీ. ఎత్తు. తక్కువ కొడితే పట్టు ఉండదు. ఎక్కువ కొట్టి అప్పడంలా పలచబడితే అంచుల్లో చీలిక వస్తుంది, చుట్టూ రేకు ఉబ్బుతుంది. దిమ్మ కాస్త వంగి పట్టుకున్నారంటే తల ఒక పక్కకి ఒరుగుతుంది. ప్రతి తలకీ గేజి పెట్టి చూడాలి. రంధ్రం మధ్యనుంచి రేకు అంచు కనీసం రెండు కాడల దూరం ఉండాలి, లేకపోతే ఆ భాగమే పనికిరాదు.

ఇక రంధ్రం. డ్రిల్ బయటికి వచ్చినచోట రేకు మీద సన్నటి గరుకు అంచు లేస్తుంది. కంటికి సరిగ్గా కనపడదు, వేలు ఆనిస్తే గుచ్చుకుంటుంది. దాన్ని రెండు వైపులా తియ్యాలి. తియ్యకపోతే రేకుల మధ్య సందు మిగులుతుంది, గాల్లో వణుకుడికి ఆ గరుకు దగ్గరే పగులు మొదలవుతుంది. మరీ లోతుగా తీసినా తప్పే, రంధ్రం అంచు కత్తిలా అయిపోతుంది. కిట్‌లో ఇలాంటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. విమానం కట్టడమంటే ఎక్కువ భాగం ఇదే. ఇందులో విసుగు రానివాడికే ఈ పని. మీకు విసుగు రాదనే నా నమ్మకం.

రాజాం_రవి

సార్, మీరు రాసింది రెండు మూడు సార్లు చదివాను. చాలా చాలా కృతజ్ఞతలు. బోల్టుల విషయం మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు. వైజాగ్‌లో 8.8 గ్రేడ్, 10.9 గ్రేడ్ హై టెన్సిల్ బోల్టులు కావలసినన్ని దొరుకుతాయి. మిల్లుల్లో టన్నుల బరువు లాగే చోట నేనే వేస్తుంటాను. విమానం బోల్టు 1,25,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటున్నారు, అంటే 8.8కి కొంచెం పైన. 10.9 అంతకన్నా గట్టిదే కదా?

కంటోన్మెంట్_ఎయిర్‌ఫ్రేమ్

లెక్క సరిగ్గానే చూశారు. లాగితే తెగే బలం మీరన్నట్టే ఉంటుంది. అయితే రెక్క బిగించే చోట బోల్టు మీద పడేది కోత బలం. ఆ బలాన్ని మరలు లేని నున్నటి కాడ మొయ్యాలి, మర మీద పడకూడదు. విమానాలకి చేసే ఏఎన్ రకం బోల్టుల్లో ఆ నున్నటి భాగం పొడవు అంగుళంలో ఎనిమిదో వంతు తేడాలతో మెట్లు మెట్లుగా దొరుకుతుంది. బిగించే మందానికి సరిపోయేది వేస్తాం. బజారు బోల్టులో సగం దాకా మరే ఉంటుంది. రంధ్రంలో మర కూర్చుంటే అల్యూమినియాన్ని అరంలా రాకుతుంది.

రెండోది పూత. ఏఎన్ బోల్టు మీద కాడ్మియం ఉంటుంది, అల్యూమినియం పక్కన కూర్చున్నా తుప్పు రగలనివ్వదు. మూడోది కాగితం. ఆ బోల్టు ఏ లాట్‌లోది, ఏ పరీక్ష జరిగిందన్నది రాసి ఉంటుంది. పెళుసుదనం పైకి కనపడదు, కాగితమే చెప్పాలి.

బిగింపు కూడా చూడండి. ఏఎన్3 బోల్టుకి 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు. అంటే మూడు న్యూటన్-మీటర్ల లోపు. మిల్లులో అలవాటైన చేతికి అది బిగించినట్టే అనిపించదు. టార్క్ రెంచి లేకుండా ఒక్క నట్టూ ముట్టుకోవద్దు. లాక్ నట్టు తిరగడానికే కొంత బలం పడుతుంది కదా, అది కొలిచి పైన కలపాలి.

మీ లేత్‌కి పని లేదనుకోకండి. రెక్కలు నిలబెట్టే స్టాండ్లు, బాడీ తిప్పే రోటిసరీ, బల్లలు, ఇంజను ఎత్తే హాయిస్టు, ఇవన్నీ మీరే చేసుకోవచ్చు. అక్కడ మిగిలే డబ్బు చాలానే.

నాగావళి_నీలిమ

రవి గారూ, మాది శ్రీకాకుళం. నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. రివెట్ల గురించి పెద్దలు చెప్పారు. కాగితాల వైపు నేను చెప్తాను. దయచేసి కిట్ ఆర్డర్ పెట్టేముందే చదవండి.

మన దేశంలో 1934 నాటి విమాన చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద ఎగిరే ప్రతి విమానానికీ పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి ఉండాలి. విమానం మీద వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు రాయించుకోవాలి. అందులో పెట్టే రేడియోకి కేంద్రం వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ నుంచి వేరే లైసెన్స్. మీకు పైలట్ లైసెన్స్ కావాలి: 17 ఏళ్లు నిండాలి, మెడికల్ కావాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. ఇది కట్టడంతో పాటే మొదలెట్టండి, రెండూ ఒకేసారి పూర్తవుతాయి.

అమెరికాలో అయితే పనిలో సగానికి పైగా కట్టుకునేవాడే చేస్తే, అది నేర్చుకోవడానికో సరదాకో అయితే, ఎక్స్‌పెరిమెంటల్ కింద సర్టిఫికెట్ ఇస్తారు. దాన్నే 51 శాతం రూల్ అంటారు. ఆ తర్వాత 25 గంటలో 40 గంటలో జనం లేని చోట పరీక్షగా ఎగరాలి. ఆ పద్ధతి అక్కడిది. ఆ వీడియోలు చూసి ఇక్కడా అలాగే అవుతుందని అనుకోవద్దు.

ఇక్కడ జరిగిన కథ కెప్టెన్ అమోల్ యాదవ్‌ది. ముంబయి కాందివలిలో అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. కిట్ కూడా కాదు, సొంత డిజైన్. 2016 మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. 2017 నవంబరులో రిజిస్ట్రేషన్ వచ్చింది. ఎగరడానికి అనుమతి 2019 అక్టోబరులో వచ్చింది. ఆయన వృత్తిరీత్యా జెట్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా చేసినవారు. అంతటి మనిషికే కాగితాల మీద అన్నేళ్లు పట్టింది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పట్లేదు. ఒక మనిషి చివరిదాకా వెళ్లి సాధించాడని చెప్తున్నాను.

కాబట్టి చెయ్యాల్సింది: ఫలానా కిట్, ఫలానా ఇంజను, ఫలానా చోట కట్టాలనుకుంటున్నాను, ఏ దశల్లో తనిఖీ కావాలి అని డీజీసీఏకి రాసి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఫోన్లో ఎవరో చెప్పిన మాట మీద పైసా పెట్టొద్దు. రెక్క లోపలివైపు మూసేశాక ఎవరూ చూడలేరు. మూసే ముందు ఫోటోలు, తేదీలు, వేసిన రివెట్ నంబర్లు రాసిన లాగ్‌బుక్ ఉంటేనే తర్వాత ఎవరైనా సంతకం పెట్టగలిగేది.

కోట_జంక్షన్

మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే పౌర విమానయాన మంత్రి కదా. భోగాపురంలో అంత పెద్ద ఎయిర్‌పోర్టు కడుతున్నారు. అక్కడ చిన్న హ్యాంగరు ఒకటి ఇప్పించమని అడగొచ్చు కదా?

నాగావళి_నీలిమ

భోగాపురం పెద్ద విమానాల కోసం కడుతున్నది. ఇన్నాళ్లూ మనం వాడుతున్న వైజాగ్ ఎయిర్‌పోర్టేమో నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో భాగం, ఆకాశం కూడా వాళ్ల చేతిలోదే. కాబట్టి ఇక్కడ కట్టి, ట్రైలర్ మీద ఫ్లయింగ్ క్లబ్ ఉన్న ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి, అక్కడ ఎగరడమే నాకు కనపడే దారి. ఈ విషయంలో రెక్కలు సులువుగా ఊడే ఆర్‌వీ-12 మంచి ఎంపికే. పొలంలో చదును చేసి ఎగిరేద్దాం అనే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు.

మంత్రిగారు మనవారు కావడం వల్ల ఒక మంచి పని జరగొచ్చు. ఇంట్లో కట్టే విమానాలకి దేశంలో స్పష్టమైన, సులువైన దారి వెయ్యమని మన జిల్లాల నుంచి అర్జీ వెళ్తే చదివేవాళ్లు ఉంటారు. నేను డ్రాఫ్టు రాస్తాను, సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

ఇంజనీరింగ్_కుర్రాడు

అన్నా, నేను విజయనగరంలో మెకానికల్ మూడో సంవత్సరం. జెనిత్ వాళ్లు ప్లాన్లు కూడా అమ్ముతారని చదివాను. ప్లాన్లు కొని, 6061 రకం అల్యూమినియం రేకు తెప్పించి, వైజాగ్‌లో లేజర్ కటింగ్ చేయిస్తే కిట్ అక్కర్లేదు కదా? ఖర్చు చాలా తగ్గుతుంది.

బొబ్బిలి_డాలస్

తమ్ముడూ, లేజర్ సంగతి వ్యాన్స్ వాళ్లనే అడగాలి. డిమాండు పెరిగిపోయి, పంచ్ మెషీన్లు చాలక, కొన్ని భాగాల రంధ్రాలు లేజర్‌తో కోయించారు. రివెట్ తల కూర్చోడానికి రంధ్రం చుట్టూ గుంటలా నొక్కేటప్పుడు (దాన్ని డింపుల్ అంటాం) ఆ రంధ్రాల అంచుల్లో పగుళ్లు కనిపించాయి. కారణం రంధ్రం అంచు నాణ్యత. లేజర్ వేడికి అంచు మారిపోతుంది, కోత మొదలైన చోట చిన్న గాటు మిగులుతుంది. వేల భాగాలు మళ్లీ చేసి ఇవ్వాల్సొచ్చింది. 2023 డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణకి కోర్టుకి వెళ్లింది. తర్వాత తేరుకుంది కానీ ధరలు పెరిగాయి, డబ్బు కట్టి ఎదురుచూసినవాళ్లు చాలా టెన్షన్ పడ్డారు. 1970ల మొదట్లో మొదలై, 11 వేలకి పైగా విమానాలు ఎగిరిన కంపెనీకే ఇలా అయింది.

ప్లాన్ల మీద కట్టడం తప్పని అనట్లేదు. చాలామంది కట్టారు. కానీ లేజర్‌తో చిన్నగా కోసి, చివరి సైజుకి రీమర్ వేసి, అంచు పూర్తిగా తీసెయ్యాలి. పైగా ఆ రేకు నిజంగా టీ6 గట్టిదనమే అని మిల్లు సర్టిఫికెట్ ఉండాలి.

కళింగపట్నం_ఫైబర్

నేను పడవలు చేస్తాను, ఫైబర్ పడవలు. భావనపాడు, కళింగపట్నం, బందరువానిపేట, ఈ తీరమంతా మా పడవలు ఉన్నాయి. ఫైబర్‌తో చేసే విమానాలు కూడా ఉన్నాయని మావాడు ఫోన్లో చూపించాడు. ఫోము మీద ఫైబర్ గుడ్డ వేసి రెక్క చేస్తున్నారు. అది మా పనే కదా అనిపించింది. రవి గారు రేకు బదులు అది పెట్టుకుంటే మేం నలుగురం వచ్చి సాయం చేస్తాం.

కంటోన్మెంట్_ఎయిర్‌ఫ్రేమ్

మీలాంటివాళ్లు ఇక్కడికి రావడం చాలా ఆనందం. మీరు చూసింది బర్ట్ రుటాన్ పద్ధతి. ఆయన వేరీఈజీ 1975లో ఎగిరింది. ఫోము దిమ్మని వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, మీద గాజుగుడ్డ, రెజిన్ వేస్తారు. అచ్చు అక్కర్లేదు. మన దేశంలో బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్ఏఎల్) వాళ్ల హన్సా కూడా కాంపోజిట్ విమానమే, అంటే ఇలా ఫైబర్, రెజిన్‌తో చేసినదే. కొత్త హన్సా-ఎన్‌జీ 2021 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది.

మీ చేతిపని అక్కరకొస్తుంది, మీ రెజిన్ మాత్రం పనికిరాదు. పడవలకి మీరు వాడేది పాలియెస్టర్. అందులో స్టైరీన్ ఉంటుంది, నీలం రంగు పాలీస్టైరీన్ ఫోము మీద పడితే ఫోము కరిగిపోతుంది. విమానానికి ఎపాక్సీ. రెజిన్, హార్డెనర్ తూకం వేసి కలపాలి, అటూ ఇటూ అయితే గట్టిపడదు. పడవకి రెజిన్ ఎక్కువ పోస్తే మేలే అనుకుంటాం. ఇక్కడ ఎక్కువైన ప్రతి గ్రామూ బరువే, బలం పెరగదు. గుడ్డ తడిసీ తడవనట్టు కనపడాలి, పైన మెరుపు నిలవకూడదు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ గది కావాలి. రవి బాబు గోడౌన్‌కి రేకే సరి.

అయితే రేకు విమానంలోనూ రెక్కల చివర్లు, ఇంజను మూత, చక్రాల తొడుగులు ఫైబర్‌వే. ఆ పని మీదే.

పలాస_తోట

రేకుల కప్పు గోడౌన్ అన్నారు కాబట్టి రాస్తున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా జీడితోట, కొబ్బరితోట రెండూ పోయాయి. రేకులు అర కిలోమీటరు అవతల దొరికాయి. గాలి గంటకి 140 కిలోమీటర్లు దాటిందన్నారు. మీరు కట్టే విమానం ఎంత వేగానికి నేల వదులుతుంది?

బొబ్బిలి_డాలస్

మంచి ప్రశ్న అండీ. ఆర్‌వీ-12 అయినా సీహెచ్ 750 అయినా గంటకి 80 కిలోమీటర్ల లోపే గాల్లో నిలుస్తాయి. నిండు బరువుతో ఆర్‌వీ-12 మొత్తం 600 కిలోలే. ఖాళీగా నిలబెట్టిన విమానానికి 140 గాలి ఎదురుగా తగిలితే మనిషి లేకుండానే లేస్తుంది. రవి అన్నయ్యా, రెక్కలు తగిలించకుండా గోడ వారన స్టాండులో పెట్టి, స్టాండుని నేల కాంక్రీటులో దించిన ఐబోల్టులకి కట్టండి. రెక్క బిగించిన రోజు నుంచీ తాళ్లు ఉండాల్సిందే. అక్టోబరు, నవంబరు నెలల్లో బాడీ మీద రెక్కలు ఉండకుండా పని ప్లాన్ చేసుకుంటే ఇంకా మంచిది.

కంటోన్మెంట్_ఎయిర్‌ఫ్రేమ్

తుపాను ఎప్పుడో వస్తుంది. ఉప్పుగాలి రోజూ ఉంటుంది. రాజాం తీరానికి కాస్త దూరమే అయినా తేమ తప్పదు. ఆర్‌వీల్లో ఎక్కువగా వాడేది 2024-టీ3 ఆల్‌క్లాడ్. గట్టి మిశ్రలోహం మీద రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలచటి పొర ఉంటుంది. గీత పడితే ఆ పొర పోయి లోపలిది బయటపడుతుంది. అందుకే రేకు మీద నీలం ప్లాస్టిక్ పొర చివరిదాకా తియ్యొద్దు, రివెట్ వరస దగ్గర మాత్రం సన్నటి పట్టీలా తీసుకోండి. జెనిత్ వాడే 6061-టీ6 తుప్పుకి కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. మన ప్రాంతానికి నా ఓటు జెనిత్‌కే.

ఏది కట్టినా, రెండు రేకులు ఆనుకునే చోట ఎపాక్సీ ప్రైమర్ తప్పనిసరి. నీళ్లు నిలిచేది అక్కడే. ముందు మెత్తటి స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, జిడ్డు తుడిచి, చేతి చెమట తగలకుండా గ్లవ్స్ వేసుకుని ప్రైమర్ కొట్టాలి. వేలిముద్ర పడిన చోటే ముందు మచ్చ లేస్తుంది. వానరోజు ప్రైమర్ కొట్టొద్దు. కంప్రెసర్ గొట్టానికి నీటి ట్రాప్ పెట్టండి.

రాజాం_రవి

అందరూ ఇంత ఓపిగ్గా చెప్తుంటే ఏమనాలో తెలియట్లేదు. బోల్టుల విషయం ఒప్పుకున్నాను సార్, ఆ మాట మళ్లీ ఎత్తను.

ఇంకో సందేహం. రెండు కిట్లలోనూ రోటాక్స్ 912 వరస ఇంజను పెడతారు. 100 హార్స్‌పవర్ 912 యూఎల్ఎస్‌కి 95 ఆక్టేన్ మామూలు పెట్రోలే చాలంటారు. కానీ ఇథనాల్ 10 శాతం దాకానే ఒప్పుకుంటారట. మన బంకుల్లో ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. నిన్న షెడ్డులో కొలగాజులో 10 మి.లీ. నీళ్లు పోసి గీత పెట్టి, పైన 100 మి.లీ. పెట్రోల్ పోసి, మూత బిగించి బాగా ఊపి పక్కన పెట్టాను. తేరుకున్నాక అడుగున నీటి పొర 30 గీతకి దగ్గరగా వచ్చింది. పెరిగినదంతా ఇథనాలే. మరి ఇంధనం ఎలా?

నాగావళి_నీలిమ

ఆ పరీక్ష మా క్లబ్బులో కూడా చేస్తాం, మీ ఫలితం ఈ20కి సరిపోయింది. ఇథనాల్ గాలిలోని తేమని లాగుతుంది. ఎక్కువైతే నీళ్లతో కలిసి ట్యాంకు అడుగున విడిపోతుంది. ఇంధనం తీసుకునేది అడుగునుంచే. పైగా రబ్బరు గొట్టాలని, ట్యాంకు సీలెంట్‌ని తినేస్తుంది, ఎండకి త్వరగా ఆవిరై గొట్టంలో బుడగ కడుతుంది. కాబట్టి బంకు పెట్రోల్ వద్దు.

విమానాల పెట్రోల్ ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ ఇన్నాళ్లూ దిగుమతే. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారీ మొదలెట్టింది. ఫ్లయింగ్ క్లబ్ ఉన్న చోట దొరుకుతుంది, మీరు ఎగరేదీ అక్కడే కదా. అందులో సీసం ఉంటుంది కాబట్టి రోటాక్స్‌కి ఆయిల్ తరచుగా మార్చాలి, అంతే.

పార్వతీపురం_పద్మ

నాకు విమానాల గురించి తెలియదు. మా ఆయన ఈ చర్చ మొత్తం రాత్రి కూర్చుని చదివి వినిపించారు. ఆయనకీ ఇదే కోరిక. రవి గారి ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు? కట్టినంత కాలం మనిషి షెడ్డులోనే ఉంటే, కట్టాక ఎగిరితే, ఇంట్లోవాళ్లకి గుండె దడ కాదా? ఎవరైనా నిజం చెప్పండి.

బొబ్బిలి_డాలస్

పద్మ గారూ, నిజమే చెప్తాను. మా ఇంట్లో మొదటి ఏడాది ఇదే చర్చ. మేం చేసుకున్న ఒప్పందం: ఇల్లు, పిల్లల చదువు, ఆరోగ్యం డబ్బుని ముట్టుకోకూడదు, ఆదివారం మధ్యాహ్నం నుంచి షెడ్డు మూసెయ్యాలి. గట్టి రివెట్లకి రెండో మనిషి కావాలన్నాను కదా, మా ఆవిడే దిమ్మ పట్టుకుంటుంది. ఇప్పుడు తనకి నాకన్నా చెవి బాగా పట్టేసింది, గన్ను శబ్దం మారగానే ఆపమంటుంది. లోపల ఏముందో, ఏ బోల్టు ఎందుకుందో తనకి తెలుసు. దడ పూర్తిగా పోదు. కానీ తెలియకపోవడం వల్ల వచ్చే భయం తగ్గింది.

ఇంకోటి. మొదటి ఎగురుడు కట్టినవాడే ఎగరాలని రూలేమీ లేదు. ఆ రకం విమానం బాగా తెలిసిన పైలట్ చేత ఎగిరించొచ్చు. రవి అన్నయ్యకీ మీ ఆయనకీ కూడా నేను ఇదే చెప్తాను.

రాజాం_రవి

పద్మ గారూ, మా ఇంట్లో అమ్మకి ఇష్టం లేదు. నా భార్య మాత్రం ముందు ఒక చిన్న భాగం చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం అంది. ఆ మాట నాకు నచ్చింది.

అందుకని ఇలా అనుకున్నాను. మొత్తం కిట్ ఇప్పుడు ఆర్డర్ పెట్టను. జెనిత్ వాళ్లు తోక చుక్కాని ఒక్కటే స్టార్టర్ కిట్‌గా అమ్ముతారు, అది తెప్పిస్తాను. ఇక్కడ చెప్పినట్టే ప్రైమరు, లాగ్‌బుక్, ఫోటోలు, అన్నీ నిజమైన విమానానికి చేసినట్టే చేస్తాను. ఈలోపు నీలిమ గారు చెప్పినట్టు డీజీసీఏకి ఉత్తరం. మెడికల్‌కి కూడా వెళ్తాను. జవాబు వచ్చాక, చుక్కాని చూసి కంటోన్మెంట్ సార్ సరే అన్నాక రెక్కల మాట.

కస్టమ్స్ వాళ్లతో మాట్లాడిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి. పెట్టె వైజాగ్ పోర్టుకే రప్పిద్దామనుకుంటున్నాను.

కంటోన్మెంట్_ఎయిర్‌ఫ్రేమ్

మంచి నిర్ణయం. పెట్టె వచ్చాక వెంటనే పనిలోకి దిగొద్దు. ముందు లిస్టు పట్టుకుని ఒక్కో భాగం లెక్క చూసి, వంకర పోయినవి ఉంటే ఫోటో తీసి కంపెనీకి రాయండి. ఆ లెక్క చూసే రోజు నేను వస్తాను. చుక్కాని మొదటి రివెట్ ముందు పనికిరాని రేకు ముక్కల మీద వేద్దాం, తర్వాత వాటిని రంపంతో అడ్డంగా కోసి లోపల ఎలా కూర్చుందో చూద్దాం.

పదో తరగతి కుర్రాళ్లు ఎవరైనా చూస్తామంటే రానివ్వండి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివేవాళ్లు మా వీధిలో ఇద్దరున్నారు, అడుగుతూనే ఉన్నారు.

ఇంజనీరింగ్_కుర్రాడు

అన్నా, నేనూ వస్తాను. రాజాం బస్సు ఎక్కడ దిగాలో చెప్పండి. ఇంకా క్లీకోలు ఎన్ని కావాలి? మా ల్యాబ్‌లో ఒక డబ్బా ఉంది, ప్రొఫెసర్ గారిని అడిగి చూస్తాను.

రాజాం_రవి

తప్పకుండా రా తమ్ముడూ. బస్టాండు దగ్గర దిగి ఫోన్ చెయ్యి, బండి పంపిస్తాను. మేడమ్ నీలిమ గారూ, అర్జీ మీద నా సంతకం మొదటిది. పద్మ గారూ, మీ ఆయన్ని కూడా తీసుకురండి. కళింగపట్నం నుంచి వచ్చేవాళ్లకి భోజనం మా ఇంట్లోనే.

కళింగపట్నం_ఫైబర్

చేపలు మేం తెస్తాం. ఆ ఎపాక్సీ డబ్బా ఒకటి చిన్నది ఉంటే ఉంచండి, తూకం ఎలా వెయ్యాలో చూపించండి.